వేలిముద్ర వేసేముందు...

'ఇక్కడ సంతకం పెట్టండి' అనగానే పెట్టేస్తాం. అందులో ఏముందని అడిగేదెవరు? గోదావరి ఒడ్డున భద్రాచలంలో ఏం జరిగిందో తెలిస్తే మాత్రం అడగాలనిపిస్తుంది.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 'పాత్' సంస్థ అధ్యయనంలో భాగంగా 10-14 ఏళ్ల బాలికలకు వేశారు. వారిలో ఎందరో హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. 2010లో కేంద్రం దాన్ని ఆపించింది. రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయనీ, 2,763 మీద వార్డెన్లే సంతకాలు చేశారనీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది! ఆ టీకా మేలైనదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసేదే. లోపం అడిగిన తీరులో ఉంది.

2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం పత్రం అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవడం రానివారికి సంబంధంలేని సాక్షి ముందు వివరించాలి. ఒక ప్రతి ఇవ్వాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు.

తెలుగులో ఉంటేనే సరిపోదు. 'యాదృచ్ఛిక కేటాయింపు' అంటే ఎవరికి తెలుస్తుంది? 'ఎవరికి ఏ మందో చీటీ తీసినట్టు తేలుస్తారు' అంటే బామ్మగారికీ అర్థమవుతుంది. అర్థమయ్యాకే సంతకం!