క్యాన్సర్ పరిశోధనలో ప్రశ్నావళి: అపోహలు – వాస్తవాలు

మనిషి రోజుకు ఎన్ని చుట్టలు కాలుస్తాడో, నొప్పితో రాత్రి ఎన్నిసార్లు లేస్తాడో, పరీక్ష చేయించుకోవడానికి ఎందుకు వెనకాడాడో ఏ స్కానింగూ చెప్పదు. ఆ మనిషినే అడగాలి. అలా అడగడానికి ఆరోగ్య పరిశోధనలో వాడే సాధనం ప్రశ్నావళి. అందరికీ తెలిసినదే అనిపించడం వల్లనేమో, దీని చుట్టూ అపోహలు ఎక్కువ.

అపోహ: ప్రయోగశాలలో తేలిందే శాస్త్రం, అడిగి రాసుకున్నది కాదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగాకే కారణమని చాటిన తొలి బలమైన ఆధారాలు ప్రశ్నావళితోనే వచ్చాయి. రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆసుపత్రుల్లో 709 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను, దాదాపు అదే వయసున్న మరో 709 మంది ఇతర రోగులను ఒకే ప్రశ్నలు అడిగించి, 1950లో ఫలితాలు ప్రచురించారు. క్యాన్సర్ ఉన్న 649 మంది మగవారిలో పొగ తాగనివారు ఇద్దరే. పోల్చి చూసిన 649 మందిలో 27 మంది ఉన్నారు.

రోగి జబ్బేమిటో ముందే తెలిసినవారు అడిగితే జవాబులు ఒకవైపు మొగ్గవా అన్న అనుమానం న్యాయమైనదే. దానికి సమాధానం ఆ అధ్యయనంలోనే దొరికింది. మొదట క్యాన్సర్ అనుకుని ప్రశ్నించిన కొందరికి తరువాత అది కాదని తేలింది. వారి పొగ అలవాటు క్యాన్సర్ రోగుల అలవాటును పోలలేదు. మిగతా రోగుల అలవాటునే పోలింది. అడిగేవారి నమ్మకం జవాబులను మార్చి ఉంటే ఇలా జరగదు. 1951లో వారిద్దరూ బ్రిటన్ వైద్యులకు పోస్టులో చిన్న ప్రశ్నపత్రం పంపారు. 40,000 మందికి పైగా బదులిచ్చారు. ఈసారి జబ్బు రాకముందే అలవాటు కాగితం మీదికి ఎక్కింది. వారిలోని మగవారిని 50 ఏళ్లు గమనిస్తే, సిగరెట్ మానకుండా కాల్చినవారు ఎన్నడూ తాగనివారికంటే సగటున పదేళ్లు ముందుగా మరణించారు.

అపోహ: ఎంత ఎక్కువమందిని అడిగితే ఫలితం అంత కచ్చితం.

అమెరికాలో 2021లో కోవిడ్ టీకాపై ఫేస్‌బుక్ ద్వారా వారానికి సుమారు రెండున్నర లక్షల మందిని అడిగిన సర్వే, టీకా వేయించుకున్నవారి శాతాన్ని అసలుకంటే 17 పాయింట్లు ఎక్కువగా చూపింది. దాదాపు వెయ్యి మందిని జాగ్రత్తగా ఎంచుకున్న మరో సర్వే వాస్తవానికి దగ్గరగా వచ్చింది. తమంతట తాము జవాబిచ్చేవారు జనాభా అంతటికీ ప్రతినిధులు కారు. మన దేశంలో 2016–17లో జరిగిన వయోజనుల పొగాకు సర్వే మాత్రం 74,037 మందితోనే దేశం మొత్తానికి లెక్క చెప్పగలిగింది. దేశంలో 28.6 శాతం వయోజనులు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేల్చింది. అడగాల్సిన ఇళ్లను ఎవరి ఇష్టానికీ వదలకుండా యాదృచ్ఛికంగా ఎంచడమే దాని బలం.

అపోహ: జనం అబద్ధాలు చెబుతారు కాబట్టి సర్వేలను నమ్మలేం.

ఇందులో కొంత నిజముంది. దక్షిణ కొరియా జాతీయ సర్వేలో నికోటిన్ ఆనవాలైన కోటినిన్‌ను మూత్రంలో కొలిస్తే, పొగ తాగే మహిళలు తాము చెప్పినదానికి రెట్టింపుకు పైగా ఉన్నట్టు తేలింది. కానీ ఈ తప్పును పట్టింది కూడా పరిశోధకులే. జవాబును శరీర పరీక్షతో సరిచూడడం ఈ రంగంలో మామూలు పని.

అబద్ధం కంటే జ్ఞాపకం పెద్ద చిక్కు. గర్భస్రావం చేయించుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న ప్రచారం ఇలా పుట్టినదే. జబ్బు వచ్చాక అడిగితే, కారణం కోసం వెతుక్కుంటున్న రోగి గతమంతా చెబుతుంది; ఆరోగ్యంగా ఉన్న స్త్రీ అదే విషయాన్ని దాచుకోవచ్చు. 2004లో 16 దేశాల 53 అధ్యయనాలను, 83,000 మంది రొమ్ము క్యాన్సర్ బాధితుల వివరాలను కలిపి పరిశీలించారు. జబ్బు రాకముందే సమాచారం నమోదైన చోట ఆ ముప్పు కనిపించలేదు. ఎప్పుడు అడిగారన్నది ఏమి అడిగారన్నదంత ముఖ్యం.

అపోహ: ప్రశ్నలు ఎవరైనా రాయొచ్చు, ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులో పెడితే చాలు.

ఉత్తరాంధ్ర తీరంలో కొందరు, ముఖ్యంగా మహిళలు, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. అంగిలి క్యాన్సర్‌కు ఇది కారణం. 1971లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ అలవాటుపై 10,169 మంది గ్రామీణులను పరిశీలించింది. “సిగరెట్ తాగుతారా?” అని మాత్రమే అడిగే ప్రశ్నావళికి వీరిలో చాలామంది “లేదు” అనే చెబుతారు, అదీ నిజాయితీగానే. అందుకే ప్రశ్నలను ముందుగా ఆ ప్రాంతం వారి మీదే పరీక్షించి చూస్తారు. క్యాన్సర్ రోగుల జీవన నాణ్యతను కొలిచే 30 ప్రశ్నల క్యూఎల్‌క్యూ–సి30ని కొత్త భాషలోకి తెచ్చేటప్పుడు, అనువాదాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి, మూలంతో పోల్చి, రోగులకు చదివించి సరిచూస్తారు.

అపోహ: రోగి బాధ డాక్టరుకు తెలుసు, ప్రత్యేకంగా ఫారం నింపించడం దండగ.

న్యూయార్క్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో ముదిరిన క్యాన్సర్‌తో ఉన్న 766 మందిపై జరిగిన పరీక్ష ఈ మాటను తోసిపుచ్చింది. వికారం, నొప్పి, ఆయాసం వంటి లక్షణాలను కంప్యూటర్ ప్రశ్నావళిలో తామే నమోదు చేసిన రోగుల మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు, మామూలు చికిత్సలో ఉన్నవారిది 26 నెలలు. తీవ్రమైన లక్షణం నమోదైతే వెంటనే నర్సుకు సమాచారం వెళ్లేది.

అపోహ: మరణ ధ్రువపత్రాలు లేని పల్లెల్లో క్యాన్సర్ మరణాలను లెక్కించలేం.

మన దేశంలో ఆ పని కుటుంబసభ్యులను అడిగే జరిగింది. శిక్షణ పొందిన సిబ్బంది రాసుకున్న వివరాలను వైద్యులు చదివి కారణం తేల్చారు. 2010లో దేశంలో సుమారు 5,56,400 మంది క్యాన్సర్‌తో మరణించారని, వారిలో 71 శాతం 30–69 ఏళ్లవారని ఆ అధ్యయనం అంచనా వేసింది.

అపోహ: ఆసుపత్రిలో ఫారం ఇచ్చారంటే నింపి తీరాలి.

పరిశోధన కోసం అడిగే ప్రశ్నలకు ఎథిక్స్ కమిటీ అనుమతి, పాల్గొనేవారి సమ్మతి తప్పనిసరి. ఇష్టం లేని ప్రశ్నను వదిలేయవచ్చు, మధ్యలో మానేయవచ్చు. ఒప్పుకోలేదన్న కారణంతో రోగి చికిత్సలో ఏ తేడా చూపడానికీ ఎవరికీ హక్కు లేదు.