మోటారు సైకిళ్ళ మన్నిక, పొడిగింపు వారంటీ

మోటారు సైకిల్ పొడిగింపు వారంటీ అనగా, బండితో పాటు తయారీదారు ఇచ్చే హామీ గడువు ముగిసిన తరువాత కూడా కొన్ని భాగాల మరమ్మత్తు ఖర్చును కంపెనీయే భరించేటట్లు, కొనుగోలుదారు ముందుగా సొమ్ము చెల్లించి చేసుకొనే ఒప్పందం. దీనినే షోరూములలో ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటారు. కృష్ణా డెల్టా ప్రాంతంలో వాడుక భాషలో వారంటీకీ గ్యారంటీకీ తేడా చూపడం అరుదు, "దీనికి ఎన్నేళ్ళు గ్యారంటీ?" అన్న ప్రశ్నే రెండింటికీ సరిపోతుంది. అయితే కాగితంపై వ్రాసి ఉండేది వారంటీ. అది బండి మొత్తానికి భరోసా కాదు, తయారీ లోపానికి మాత్రమే పరిమితమైన హామీ. విజయవాడలో 2024 సెప్టెంబరులో వచ్చిన బుడమేరు వరద ఈ తేడాను వేలాది కుటుంబాలకు తెలియజెప్పింది.

మన్నికను కొలవడం

యంత్రాల వైఫల్యాన్ని కాలంతో పాటు గీసి చూస్తే వచ్చే రేఖను ఇంజనీర్లు స్నానపు తొట్టె ఆకారంతో పోలుస్తారు. మొదటి నెలలలో తయారీ లోపాలు బయటపడతాయి కనుక రేఖ ఎత్తుగా ఉంటుంది. తరువాత కొన్ని సంవత్సరాలు అడుగున చదునుగా సాగుతుంది. చివరకు భాగాలు అరిగిపోయే దశలో మళ్ళీ పైకి లేస్తుంది. వారంటీ విలువను అర్థం చేసుకోవడానికి ఈ రేఖ చాలును. మొదటి గట్టును ఉచిత వారంటీ కాస్తుంది. సొమ్ము పెట్టి కొనే మూడు, నాలుగు, ఐదవ సంవత్సరాలు చాలావరకు చదునైన అడుగు భాగంలో పడతాయి. పదేళ్ళ వరకు సాగే పథకాలు చివరి గట్టును తాకుతాయి గాని, అప్పుడు పోయేవి ఎక్కువగా అరుగుదల భాగాలు. వాటిని వారంటీ మొదటనే మినహాయించి ఉంటుంది.

అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2015లో తన పాఠకుల అనుభవాల ఆధారంగా ప్రచురించిన అంచనాలో, నాలుగేళ్ళు నిండిన బండ్లలో పెద్ద మరమ్మత్తు అవసరమైనవి యమహాలో 11 శాతం, సుజుకి, హోండాలలో 12 శాతం, కవాసకిలో 15 శాతం కాగా, హార్లే డేవిడ్సన్‌లో 26, డుకాటిలో 33, బి.ఎం.డబ్ల్యు.లో 40 శాతంగా తేలాయి. ఎక్కువగా చెడే బండ్ల యజమానులలో పలువురు మళ్ళీ అదే బండి కొంటామని చెప్పడం విచిత్రం. ఆ అంకెలు అక్కడి పెద్ద ఇంజన్ల బండ్లవి. మన 100, 125 సి.సి. బండ్లకు వాటిని అన్వయించరాదు. కానీ కంపెనీని బట్టి తేడా మూడింతలకు పైగా ఉండగలదన్న సంగతి మాత్రం గమనించదగినది.

డెల్టాలో బండి

డెల్టాలో ఒకే నమూనా బండి ఊరిని బట్టి వేరువేరుగా మన్నుతుంది. మచిలీపట్నం, నాగాయలంక వైపు ఉప్పుగాలికి సైలెన్సరు, చక్రాల ఊచలు, చైను త్వరగా తుప్పు పడతాయి. కైకలూరు ప్రాంతంలో చేపల, రొయ్యల చెరువుల చుట్టూ తిరిగే బండ్లదీ ఇంచుమించు ఇదే స్థితి. కాలువ గట్లపైనా, నల్లరేగడి డొంకలలోనూ నడిచే బండికి వానాకాలంలో బురద మడ్‌గార్డులో ఇరుక్కొని చైన్ స్ప్రాకెట్లను తినేస్తుంది. విజయవాడ నగరంలో మే నెల ఎండ బ్యాటరీకి శత్రువు. సిగ్నళ్ళ దగ్గర ఆగి కదిలే ప్రయాణం క్లచ్ ప్లేట్లకు శత్రువు. వీటిలో దాదాపు ఏదీ వారంటీ కిందకు రాదు. తుప్పు, అరుగుదల, వాతావరణ ప్రభావం అన్నవి సామాన్యంగా ప్రతి వారంటీ పుస్తకంలోనూ మినహాయింపుల జాబితాలో కనిపిస్తాయి.

బరువు సంగతి మరొకటి. టి.వి.ఎస్. ఎక్సెల్ మీద రెండు పాల క్యాన్లు, వెనుక గడ్డిమోపు కట్టుకొని వెళ్ళే రైతు డెల్టాలో నిత్యం కనిపించే దృశ్యం. అధిక బరువు, వాణిజ్య వినియోగం కారణంగా వచ్చిన చెడుపును కంపెనీలు సాధారణంగా అంగీకరించవు. అంటే బండిపై అందరికన్నా ఎక్కువగా ఆధారపడిన వ్యక్తికే హామీ అన్నింటికన్నా బలహీనంగా ఉన్నది.

బండి లోపలి మార్పులు

కార్బురేటరు ఉన్న రోజులలో స్క్రూడ్రైవరు, ప్లగ్ స్పానరు చేతిలో ఉంటే రోడ్డు పక్క మెకానిక్ చాలా చిక్కులు తీర్చగలిగేవాడు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నిబంధనలు అమలులోకి రావడంతో మోటారు సైకిళ్ళు ఇంధన ఇంజక్షన్ పద్ధతికి మారాయి. ఇ.సి.యు., సెన్సార్లు, ఇంధన పంపు వంటివి తరచుగా చెడవు. చెడినప్పుడు బాగుచేయడం ఉండదు, మార్చడమే. 2019 నుండి 125 సి.సి. దాటిన బండ్లకు ఎ.బి.ఎస్. తప్పనిసరి కావడంతో మరో ఖరీదైన భాగం చేరింది. పొడిగింపు వారంటీకి ఏదైనా గట్టి వాదన ఉన్నదంటే అది ఇదే: పాత బండిలో చిన్న ఖర్చులు తరచుగా వచ్చేవి, కొత్త బండిలో పెద్ద ఖర్చు అరుదుగా వస్తుంది. అరుదైన పెద్ద ఖర్చును పంచుకోవడానికే బీమా వంటి ఏర్పాట్లు పుట్టాయి. కనుక వారంటీ కొనేవారు మొదట చూడవలసినది ఎన్ని సంవత్సరాలు అన్నది కాదు, ఈ విద్యుత్ భాగాలు జాబితాలో ఉన్నాయా లేవా అన్నది.

విద్యుత్ స్కూటర్లలో అసలు విలువ బ్యాటరీది కాబట్టి అక్కడ వారంటీయే బండి ఆయుష్షు వంటిది. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఇంట్లో ఛార్జింగులో ఉన్న స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించారు. అటువంటి ప్రమాదాల తరువాత బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కేంద్రం కఠినతరం చేసింది.

లెక్క

హీరో మోటోకార్ప్ తన మోటారు సైకిళ్ళకు 5 సంవత్సరాలు లేదా 70,000 కిలోమీటర్ల వారంటీని ప్రకటించింది. "ఏది ముందైతే అది" అన్న మూడు మాటలను చదవకుండా దాటవేసేవారే ఎక్కువ. విజయవాడలో ఆహారం చేరవేసే యువకుడు రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగితే 30,000 కిలోమీటర్లు అవుతాయి. అతనికి అయిదేళ్ళ వారంటీ రెండు సంవత్సరాల నాలుగు నెలలకే ముగుస్తుంది. రోజుకు 10 కిలోమీటర్లు మాత్రమే తిరిగే ఉద్యోగికి అయిదేళ్ళలో 15,000 కిలోమీటర్లు కూడా దాదాపుగా మించవు. ఆయన బండి చెడేలోపే గడువు తీరుతుంది.

ఇక ధర. ఉదాహరణకు రెండేళ్ళ పొడిగింపు ధర రూ.1,500 అనీ, అది కాపాడే పెద్ద మరమ్మత్తు ఖర్చు రూ.6,000 అనీ అనుకొందాం. 1,500ను 6,000తో భాగిస్తే నాలుగవ వంతు. అనగా ఆ రెండేళ్ళలో అటువంటి బండ్లు నాలుగింటిలో ఒకటి ఆ విధంగా చెడిపోతేనే కొన్నవారికి సమానమవుతుంది. పేరుపడిన 100 సి.సి. బండ్లు అంతగా చెడవు. పైగా ఒప్పందం నిలవాలంటే ప్రతి సర్వీసు కంపెనీ కేంద్రంలోనే, చెప్పిన గడువులోనే చేయించాలి. అక్కడి ఖర్చుకూ బయటి ఖర్చుకూ గల తేడాను కూడా వారంటీ ధరలో కలపాలి. ఒక్కసారిగా ఆరువేలు తీయలేని కుటుంబానికి మాత్రం లెక్కలో నష్టమైనా ఈ ఒప్పందం ఉపయోగపడవచ్చును.

2024 వరద, వారంటీ

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి, వెలగలేరు దిగువన మళ్ళింపు కాలువకు గండ్లు పడి, అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణానది ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇళ్ళ ముందు నిలిపిన ద్విచక్ర వాహనాలు వేల సంఖ్యలో మునిగాయి. రాష్ట్ర ప్రభుత్వం దెబ్బతిన్న ద్విచక్ర వాహనానికి రూ.3,000, మూడు చక్రాల వాహనానికి రూ.10,000 సహాయంగా ప్రకటించింది.

వరద తయారీ లోపం కాదు. కనుక ఉచితమైనా, కొన్నదైనా, వారంటీ ఇక్కడ పనికిరాదు. పనికివచ్చేది సమగ్ర బీమా మాత్రమే. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయినది గాని, అది ఎదుటివారికి కలిగిన నష్టానికే. సొంత నష్టపు బీమాను మొదటి ఏడాది తరువాత పునరుద్ధరించనివారు, చేతిలో బీమా కాగితం ఉన్నా వరదలో ఏమీ పొందలేరు.

బీమా ఉన్నవారు సైతం ఒక పొరపాటుతో నష్టపోతారు. నీరు తగ్గగానే బండి పనిచేస్తుందేమోనని సెల్ఫ్ నొక్కడం లేదా కిక్ కొట్టడం సహజం. సిలిండరులో చేరిన నీరు గాలిలా అణగదు కనుక పిస్టన్ పైకి వచ్చేటప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇది వరద వలన గాక స్టార్టు చేయడం వలన కలిగిన నష్టమని సర్వేయరు వ్రాయవచ్చును. ఇంజన్ రక్షణ కోసం అదనపు రుసుము చెల్లించని పాలసీలలో ఈ వివాదం తరచుగా వస్తుంది. మునిగిన బండిని కదిలించక ఫొటోలు తీసి, బ్యాటరీ తీగ విప్పి, బీమా సంస్థకు తెలిపి, తోయించుకొని తీసుకువెళ్ళడం మేలు. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నదంటే నీరు లోపలికి చేరిందని అర్థం. పాత బండి కొనేవారు కూడా ఈ గుర్తులను పరిశీలించాలి.

బయటి మెకానిక్‌లు

విజయవాడ జవహర్ ఆటోనగర్ 1960వ దశకం నుండి లారీలు, బస్సుల మరమ్మత్తుకు పేరుపొందినది. ద్విచక్ర వాహనాల పని మాత్రం అధికంగా నగరంలోని వీధి షెడ్లలోనే జరుగుతుంది. బయట ఆయిల్ మార్పించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందా అన్నది చాలామంది సందేహం. కార్ల విషయంలో భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కంపెనీలపై ఇచ్చిన తీర్పులో, స్వతంత్ర మెకానిక్ వద్ద పని చేయించినందుకు మూకుమ్మడిగా వారంటీ రద్దు చేసే షరతును తప్పుబట్టింది. దానిపై అప్పీళ్ళు నడిచాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన మరమ్మత్తు హక్కు పోర్టల్‌లో వాహన రంగం కూడా ఉన్నది. ద్విచక్ర వాహనాల వారంటీ పుస్తకాలలో మాత్రం పాత షరతులే ఎక్కువగా కనిపిస్తాయి.

ఫిర్యాదు

వారంటీలో ఉన్న భాగాన్ని మార్చడానికి నిరాకరిస్తే మొదట కంపెనీకి లిఖితపూర్వకంగా తెలిపి, 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. తరువాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. కొనుగోలుదారు నివసించే చోటనే ఫిర్యాదు ఇవ్వవచ్చును కాబట్టి, బండి హైదరాబాదులో కొన్నా ఫిర్యాదు విజయవాడలో చేయవచ్చును. వివాదం తలెత్తిన రెండేళ్ళలోపు దాఖలు చేయాలి. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే రుసుము లేదు.

వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని చట్టం వినియోగదారులుగా పరిగణించదు. కానీ స్వయం ఉపాధితో జీవనం గడుపుకొనేందుకు కొన్నవారికి మినహాయింపు ఇచ్చింది. కనుక పాల క్యాన్లు మోసే రైతును వారంటీ పుస్తకం పక్కన పెట్టినా, కమిషన్ అతని ఫిర్యాదును వినగలదు. లోపం తయారీదేనని నిరూపించడానికి నిపుణుల పరీక్ష అవసరం కావచ్చును. అందుచేత జాబ్ కార్డులు, సర్వీసు బిల్లులు, మార్చిన పాత భాగాలు పారవేయక దాచుకోవాలి. సర్వీసు కేంద్రంలో జాబ్ కార్డుపై ఫిర్యాదును మన మాటలలోనే వ్రాయించి, దాని ప్రతి తీసుకొన్న తరువాతనే బండి తాళం ఇవ్వడం మంచిది.