తూకానికి వేసే ముందు...

ఖరగ్‌పూర్‌ ఓల్డ్‌ సెటిల్‌మెంట్‌లో మా చుట్టుపక్కల ఎక్కువగా రైల్వే కుటుంబాలే. బెంగాల్‌ నాగ్‌పూర్‌ రైల్వే కాలం నుంచి తెలుగువారు తరతరాలుగా ఈ ఊళ్లో ఉన్నారు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా, అప్పుడు ఏళ్ల తరబడి దాచిన సామానంతా బయటపడుతుంది: డబ్బా టీవీ, మూలపడ్డ కంప్యూటరు, మూడు నాలుగు సెల్‌ఫోన్లు, చార్జర్లు. పాత పేపర్లు, ఇనుముతో కలిపి వీటినీ తూకానికి వేసేస్తుంటారు. బ్యాంకు ఉద్యోగిగా నాకు ఇందులో రెండు ప్రమాదాలు కనిపిస్తాయి.

మొదటిది విషం. డబ్బా టీవీ గాజులో, పాత సర్క్యూట్‌ బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. రాగి కోసం వైర్లు తగలబెడితే పైనున్న ప్లాస్టిక్‌ నుంచి డయాక్సిన్లు వెలువడతాయి. ఆ పని చేసేవాళ్లకు, పక్కనే ఆడుకునే వాళ్ల పిల్లలకు ముందుగా ముప్పు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయి. పద్ధతిగా సేకరించి రీసైకిల్‌ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే.

రెండోది మన సమాచారం. ఫోటోలు, ఫైళ్లు డిలీట్‌ చేసినంత మాత్రాన పోవు. కంప్యూటరు డిస్కు నుంచి వాటిని తిరిగి రాబట్టవచ్చు. అందుకే ఫోను ఇచ్చేముందు బ్యాంకు యాప్‌ల నుంచి, మెయిల్‌ నుంచి లాగౌట్‌ అయి, సిమ్‌, మెమరీ కార్డు తీసి, ఫ్యాక్టరీ రీసెట్‌ చెయ్యాలి. కంప్యూటరైతే హార్డ్‌డిస్కు విప్పించి దగ్గర ఉంచుకోవడమే మేలు.

మరి ఎవరికివ్వాలి? 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు తయారీదారులకు రీసైక్లింగ్‌ బాధ్యతను అప్పగించాయి. కంపెనీ కస్టమర్‌ కేర్‌కు ఫోన్‌ చేసి, పాతవి ఎక్కడ తీసుకుంటారో అడగండి. రిజిస్టరైన రీసైక్లర్ల వివరాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో దొరుకుతాయి. కొత్తది కొనేటప్పుడు ఎక్స్ఛేంజి ఉంటే అదీ ఒక దారి. పనిచేసే వస్తువైతే అవసరమున్నవారికి ఇవ్వడం అన్నిటికన్నా మంచిది.

బ్యాటరీ ఉబ్బిన ఫోనును చార్జింగ్‌ పెట్టకండి, పొడవకండి, చెత్తబుట్టలో వెయ్యకండి. లిథియం బ్యాటరీకి మంటలు అంటుకోగలవు. దాన్ని విడిగా, మండే వస్తువులకు దూరంగా ఉంచి సర్వీసు సెంటరులో ఇవ్వండి.

తూకంలో వచ్చే పది రూపాయలు వదులుకోవాల్సి రావచ్చు. బదులుగా మన ఖాతా వివరాలు పరుల చేతికి పోవు, ఇంకొకరి పిల్లలు ఆ పొగ పీల్చరు.