నాడీవ్యాధులు - వైద్య సామాజిక సేవ

నాడీమండల వ్యాధిగ్రస్తులకు, వారి కుటుంబాలకు చికిత్సతో పాటు అందించే సలహా సహాయాలు వైద్య సామాజిక సేవలో ఒక భాగము. పక్షవాతం, మూర్ఛ, పార్కిన్‌సన్ వ్యాధి వంటివాటిలో రోగిని ఏళ్ళ తరబడి చూసుకొనే భారం ఇంటివారిపైనే పడుతుంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతము

తిరుమల తిరుపతి దేవస్థానములు 1985లో తిరుపతిలో స్థాపించిన బర్డ్ ఆసుపత్రి పోలియో, మస్తిష్క పక్షవాతం బాధితులకు శస్త్రచికిత్స, పునరావాసం అందిస్తున్నది. 1993లో ప్రారంభమైన స్విమ్స్‌లో నాడీవ్యాధుల విభాగం ఉన్నది. చిత్తూరు జిల్లా తమిళనాడు సరిహద్దున ఉన్నందున ఇక్కడ తమిళం మాట్లాడే కుటుంబాలు కూడా గణనీయంగా ఉన్నాయి. మూర్ఛ మందులను హఠాత్తుగా మానితే మూర్ఛలు తీవ్రం కావచ్చు. కనుక ఇటువంటి జాగ్రత్తలను ఇంటివారికి వారి భాషలోనే వివరించవలసి ఉంటుంది.

చట్టాలు

1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించినది. 2016 చట్టం వీటిని 21కి పెంచి, పార్కిన్‌సన్ వ్యాధి, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లను చేర్చినది. రిజర్వేషన్ల వంటి సదుపాయాలకు కనీసం 40 శాతం వైకల్యమున్నట్లు ధ్రువపత్రం కావలెను.

తమ తదనంతరం బిడ్డను ఎవరు చూస్తారన్నది మస్తిష్క పక్షవాతం గలవారి తల్లిదండ్రుల ప్రధాన ఆందోళన. 18 ఏళ్ళు దాటినవారికి సైతం సంరక్షకుని నియమించవలసినదిగా కోరుతూ జిల్లాలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకొనే అవకాశాన్ని 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కల్పించినది.