ఈ అధికారము ఎవరి మీద?



కొన్ని సంవత్సరముల క్రితము ఒక వానాకాలపు రాత్రి మా సంఘస్థుడొకాయన తలుపు తట్టాడు. "అయ్యగారూ, బిడ్డకు దయ్యము పట్టింది, త్వరగా రండి" అన్నాడు. బైబిలు, నూనె సీసా తీసుకొని వెళ్ళాము. పన్నెండేళ్ళ పిల్ల మంచము మీద పొర్లుతూ ఏవేవో మాటలాడుతున్నది. మేము తల మీద చేయి ఉంచి గట్టిగా గద్దించాము. "నిన్ను ఎవరు పంపారో చెప్పు" అని కేకలు వేశాము. ఒళ్ళు పెనములా కాలుతున్నదని చేతికి తెలుస్తూనే ఉన్నది, అయినా మా నోరు ఆగలేదు.

ఆ మాట విన్న మేనమామ, "ఇంకెవరు, వెనుక వీధి ముసలమ్మే. చేతబడి చేసింది" అన్నాడు. నలుగురు మగవాళ్ళు కర్రలు పట్టుకొని బయలుదేరారు. అందులో ముగ్గురు ఆ ఆదివారమే ప్రభువు బల్లలో పాలుపొందినవారు. వారి చేతికి కర్ర ఇచ్చినది మా ప్రశ్నే అని అప్పుడు మాకు తెలిసింది.

చేతబడి, బాణామతి, చిల్లంగి అనే అనుమానముతో మనుషులను కొట్టారని, పళ్ళు ఊడగొట్టారని, ప్రాణములే తీశారని మన తెలుగు జిల్లాలలో ఎన్నోసార్లు విన్నాము. అలా బలియైనవారిలో దిక్కులేని విధవరాండ్రు, బీదవారు ఎందరో ఉన్నారు.

ప్రియులారా, అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము తెరచి చూడండి. ఎఫెసు పట్టణము అర్తెమిదేవి గుడికే గాక మంత్రములకు, తాయెత్తులకు కూడ పేరు పొందినది. అక్కడ స్కెవ కుమారులు ఏడుగురు యేసు నామమును ఒక మంత్రము వలె వాడబోయారు. ఆయనను ఎరుగకుండ ఆయన పేరు పలికారు. చివరకు గాయములతో, ఒంటి మీద బట్ట లేకుండ ఆ ఇంటి నుండి పారిపోయారు. అధికారము కేకలో లేదు, నూనె సీసాలో లేదు. ఆ రాత్రి మేము స్కెవ కుమారులకు ఎంత దూరములో ఉన్నాము?

అదే పట్టణములో విశ్వాసులు తమ మాంత్రిక పుస్తకములను తెచ్చి అందరి యెదుట కాల్చివేశారు. వాటి వెల యాబదివేల వెండి నాణెములు. గమనించండి, వారు కాల్చినది తమ ఇంటిలోని పుస్తకములనే. పొరుగువాని ఇంటిని కాదు, ఏ మంత్రగాని ఒంటిని కాదు. ఆ ఎఫెసు సంఘమునకే పౌలు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో మన పోరాటము రక్తమాంసములు గలవారితో కాదని నేర్పించాడు. అనగా వెనుక వీధి ముసలమ్మ మన శత్రువు కాదు. ప్రభువు కూడ మార్కు 5వ అధ్యాయములో అపవిత్రాత్మ పేరు అడిగాడు గాని, ఎవరు పంపారని ఏ సువార్తలోను అడుగలేదు.

ఆ రాత్రి మేము పరుగెత్తి వెళ్ళి ఆ తల్లి అరుగు మీద కూర్చున్నాము. "ముందు మమ్ములను కొట్టండి" అన్నాము. తెల్లవారువరకు అక్కడే ప్రార్థించాము. ఉదయము పిల్లను ఆసుపత్రికి తీసుకొని పోగా, రక్త పరీక్షలో మలేరియా అని తేలింది. జ్వరము తలకెక్కి సంధి మాటలు వచ్చాయట. వారము దినములకు పిల్ల నడుచుకుంటూ ఇల్లు చేరింది. మేనమామ ఆ ముసలమ్మ గడప తొక్కి క్షమాపణ అడుగుటకు మాత్రము నెల పట్టింది.

దురాత్మలు లేవని మేము చెప్పుట లేదు. క్రీస్తు నామమునకు అవి లోబడునని నమ్ముచున్నాము. అయితే యాకోబు పత్రిక 4వ అధ్యాయములోని వరుస మరువకండి. మొదట దేవునికి లోబడవలెను, తరువాత అపవాదిని ఎదిరించవలెను. కనుక మీ ఇంట జబ్బు వస్తే ప్రార్థించండి, ఆలస్యము చేయక వైద్యునియొద్దకు వెళ్ళండి. డాక్టరుగారు ఇచ్చిన మందు ఆపమని ఏ సేవకుడు చెప్పినా వినకండి. ఎవరి మీదనైనా చేతబడి నింద పడితే, ఆ గుమ్మములో నిలువవలసిన మొదటివాడు క్రైస్తవుడే.

లూకా 10వ అధ్యాయములో దయ్యములు లోబడుచున్నవని సంతోషముతో తిరిగివచ్చిన డెబ్బదిమందితో ప్రభువు, తమ పేరులు పరలోకమందు వ్రాయబడినందుకే సంతోషించుడని చెప్పాడు. మన సంతోషము కూడ అదే అగును గాక. ఆమేన్.