నీడను కొలిచిన యవనులు

జూన్ మొదటి వారం చివరలో ఒకనాడు, ఉదయం పదకొండూ ముప్పావు వేళ, బారిడీహ్‌లోని మా ఇంటి పెరట్లో నిట్టనిలువుగా పాతిన మీటరు కర్రకు నీడ లేకుండా పోయింది. ఇందులో వింత ఏమీ లేదు. జంషెడ్‌పూర్ కర్కటరేఖకు కొద్దిగా దక్షిణాన, సుమారు 22.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. అందువల్ల ఏటా రెండు పర్యాయాలు, జూన్ 7 ప్రాంతంలోనూ జూలై 5 ప్రాంతంలోనూ, సూర్యుడు మన నడినెత్తిన నిలుస్తాడు. జూలైలో మబ్బులు చూడనివ్వవు.

ఈ ప్రయత్నానికి కారణం మా అబ్బాయి ప్రశ్న. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లని పాఠ్యపుస్తకంలో ఉన్నంత మాత్రాన నమ్మవలసిందేనా అని వాడు అడిగాడు. మేము చప్పున బదులు చెప్పలేకపోయాము.

క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో ఎరటోస్తనీస్ చెప్పగలిగాడు. ఆయన అలెగ్జాండ్రియా గ్రంథాలయాధిపతి. ప్రతి శాస్త్రంలోనూ రెండవ స్థానమే దక్కినవాడని సమకాలికులు ఆయనను ‘బీటా’ అని ఎగతాళి చేశారట! దక్షిణాన సైయీన్‌లో, అంటే నేటి ఆస్వాన్‌లో, ఉత్తరాయణం ముగిసే దినాన మధ్యాహ్నం నీడ పడదని ఆయన విన్నాడు. అదే వేళకు అలెగ్జాండ్రియాలో నీడ ఏర్పరచిన కోణం వృత్తంలో యాభయ్యవ వంతు. రెండు పట్టణాల మధ్య దూరం 5,000 స్టేడియాలు. కనుక భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలు. ఆ స్టేడియం ఎంత పొడవో నేటికీ పండితులకు ఏకాభిప్రాయం లేదు. అయినా పద్ధతిలో దోషం లేదు. ఆయన స్వహస్త గ్రంథం నశించగా, క్లియోమెడీస్ రచన వల్ల ఈ వృత్తాంతం మనకు దక్కింది.

అంతకు ముందే అరిస్టాటిల్, గ్రహణవేళ చంద్రునిపై పడే భూచ్ఛాయ ఎల్లప్పుడూ వలయాకారంగానే ఉండడం గమనించి, భూమి గోళమని వాదించాడు. బరువైన వస్తువు త్వరగా పడుతుందన్న మాటా ఆయనదే. పరీక్షించకుండా దానిని శతాబ్దాల తరబడి వల్లించినవారి తప్పు ఆయన తప్పుకంటే పెద్దదని మా అభిప్రాయం.

యవనుల జ్ఞానాన్ని మన వరాహమిహిరుడు గౌరవించాడు. మన జ్యోతిషంలోని ‘హోర’, ‘కేంద్రము’ గ్రీకు పదాలే. కేంద్ర ప్రభుత్వ సంస్థలో పనిచేసే మనం నిత్యం గ్రీకు మాట పలుకుతున్నామన్నమాట!

ఇక మా పరీక్ష సంగతి. అదే రోజు విశాఖపట్నంలో మా బావమరిది మరొక మీటరు కర్ర నిలిపి, నీడ అతి పొట్టిగా ఉన్న క్షణాన కొలిచి, ఫోనులో చెప్పాడు: 9 సెంటీమీటర్లు, దక్షిణం వైపు. అది సుమారు 5.1 డిగ్రీల కోణం. రైలు దూరం పనికిరాదు. ఉత్తర దక్షిణాల అంతరమే కావాలి. పటంపై స్కేలు పెట్టి చూడగా దాదాపు 565 కిలోమీటర్లు వచ్చింది. లెక్క కట్టగా చుట్టుకొలత 39,900 కిలోమీటర్లకు కొంచెం తక్కువ తేలింది. మేము ఉప్పొంగిపోయాము.

అంతలో మా అమ్మాయి, ఆ పటం గీసినవారు భూమిని ముందే కొలిచి ఉంటారు కదా, ఇక మనం కనిపెట్టినదేమిటని అడిగింది. ఆ 565 కిలోమీటర్లను వేరే దారిలో కొలవడమెట్లాగో మేమింకా ఆలోచిస్తూనే ఉన్నాము.