ఊదు చెట్టు, మన నేల, మన దానం

"సొసైటీకి శాశ్వత ఆదాయం ఉండాలంటే రెండెకరాలు కొని అగరు తోట వేయొచ్చు కదా?" అని దాతల్లో కొందరు అడుగుతున్నారు. ఎకరానికి కోట్లు వస్తాయని చెప్పే కరపత్రాలు, వాట్సాప్ వీడియోలు మన పల్నాడు దాకా వచ్చాయి. అడిగేవారి ఉద్దేశం మంచిదే. అనాథ పిల్లల ఫీజులకూ, వితంతువుల నెలవారీ సాయానికీ ఏటా చేయి చాచే పరిస్థితి ఉండకూడదన్నది వారి కోరిక. అందుకే ఆ చెట్టు ఏమిటో, దానిలో సువాసన ఎలా పుడుతుందో, వినుకొండ నేల దానికి సరిపోతుందో లేదో ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

అరబ్బీలో 'ఊద్' అంటే కర్ర. సంస్కృతంలో అదే చెట్టు పేరు అగరు. మనం రోజూ అనే ఊదుబత్తి, అగరబత్తి అన్న మాటలు రెండూ ఆ చెట్టు నుంచి వచ్చినవే. అయితే దుకాణంలో దొరికే మామూలు బత్తీలో అగరు చెక్క ఉండదు. బొగ్గుపొడి, జిగురు, పైన అద్దిన సెంటు, అంతే. మన ఇళ్లలో నిప్పుల మీద వేసే 'ఊదు' కూడా చాలావరకు లోబాన్, అంటే సాంబ్రాణి. అది వేరే చెట్టు బంక. అసలు ఊదు చెక్క ఖరీదు సామాన్యుడికి అందదు.

మన సంప్రదాయంలో దానికి గౌరవ స్థానం ఉంది. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఒక్కోసారి ఊదు ఒక్కటే, ఒక్కోసారి కర్పూరం కలిపి ధూపం వేసుకునేవారని, దైవప్రవక్త (స) కూడా అలాగే చేసేవారని ఆయన తెలిపారని సహీహ్ ముస్లింలో ఉంది. గల్ఫ్ దేశాల్లో అతిథి మర్యాదకు నేటికీ ఊదు ధూపమే వేస్తారు. గిరాకీ అక్కడి నుంచే.

ఇక చెట్టు సంగతి. శాస్త్రీయ నామం అక్విలేరియా. మన దేశంలో అస్సాం, త్రిపుర వంటి ఈశాన్య రాష్ట్రాలు దాని పుట్టిల్లు. ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టును కోస్తే తెల్లటి, తేలికైన చెక్క వస్తుంది. దానికి ఆ వాసన ఉండదు. కాండాన్ని పురుగు తొలిచినా, కొమ్మ విరిగినా ఆ గాయంలోకి బూజు జాతి శిలీంధ్రాలు చేరతాయి. తనను కాపాడుకోవడానికి చెట్టు అక్కడ ఒక జిగురును ఊరిస్తుంది. ఏళ్ల తరబడి అది చెక్కలో ఇంకి, చెక్క నల్లబడి బరువెక్కుతుంది. మేలు రకం ముక్క నీటిలో వేస్తే మునుగుతుంది. ఆ నల్ల చెక్కే ఊదు. దాన్ని నానబెట్టి బట్టీ పెడితే వచ్చే నూనె ఊదు అత్తరు.

అడవిలో ఏ చెట్టుకు గాయమవుతుందో, ఏ గాయంలో జిగురు ఊరుతుందో ఎవరూ చెప్పలేరు. జిగురు ఉందో లేదో తెలియకుండానే చెట్లు నరికేయడంతో అడవి చెట్లు అంతరించే దశకు వచ్చాయి. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ 1995లో ఈ చెట్టును నియంత్రిత జాబితాలో చేర్చింది. అందుకే ఇప్పుడు తోటలు వేస్తున్నారు. కొన్నేళ్లు పెంచి, కాండానికి వరుసగా రంధ్రాలు చేసి, శిలీంధ్రాన్నో మందునో ఎక్కించి, మళ్లీ ఏళ్లు ఆగుతారు. మందు ఎక్కించినంత మాత్రాన జిగురు వస్తుందన్న హామీ లేదు. ఒకే తోటలో పక్కపక్క చెట్ల దిగుబడిలో ఎంతో తేడా ఉంటుంది. ధర కూడా చెక్క నాణ్యతను బట్టే. కరపత్రంలో వేసే లెక్క ప్రతి చెట్టూ మేలు రకం ఇస్తుందని ఊహించి వేసింది.

అస్సాంలోని హోజాయి ఈ వ్యాపారానికి పెట్టింది పేరు. అక్కడివారైన హాజీ అజ్మల్ అలీ 1950లలో బొంబాయి చేరి అత్తరు వ్యాపారం పెట్టారు. నేడు అజ్మల్ పేరు గల్ఫ్ అంతా తెలుసు. హోజాయిలో ఆ కుటుంబం పేదలకు ఆసుపత్రి, పిల్లలకు చదువు అందిస్తోంది. ఇందులో మనం గమనించాల్సిన వరుస ఒకటుంది: ముందు సొంత సొమ్ముతో వ్యాపారం, తర్వాత లాభంలోంచి దానం. అక్కడ ఆ చెట్టు ఇంటి పెరట్లో పోకచెట్ల మధ్య పెరుగుతుంది. చెక్క చూసి రకం చెప్పగల పనివారు, బట్టీలు, కొనేవారు అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. 2024లో కేంద్రం ఎగుమతి కోటాను 1,51,080 కిలోల చెక్క ముక్కలు, పొడికి, 7,050 కిలోల నూనెకు పెంచడం అక్కడి రైతులకు మేలు చేసే విషయం.

మరి వినుకొండ? అగరుకు ఏడాదిలో ఎక్కువ కాలం వాన, గాలిలో తేమ, నీరు నిలవని నేల కావాలి. మనది పత్తికి, మిరపకు పేరుపడ్డ నల్లరేగడి. వానకు ఉబ్బి నీరు నిలుపుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. వాన అస్సాంలో పడేదానిలో సగం కూడా ఉండదు. రెంటచింతల ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. డ్రిప్పు వేసి, నీడ కట్టి మొక్కను బతికించవచ్చు. బతికించడానికీ, పదేళ్ల తర్వాత దానిలో జిగురు రాబట్టి అమ్ముకోవడానికీ మధ్య చాలా దూరం ఉంది. బోరు ఎండిన ఏడాది ఆ తోటకు నీళ్లు ఎవరు తోలతారు?

1990లలో టేకు తోటల పేరుతో ఎన్నో కంపెనీలు డిపాజిట్లు సేకరించి జనాన్ని ముంచిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ దెబ్బకే సెబీ 1999లో ఉమ్మడి పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది. ఇప్పుడు ఎవరైనా తోటలో వాటా అమ్మజూపితే మూడు ప్రశ్నలు అడగండి. సెబీ రిజిస్ట్రేషన్ ఉందా? మన జిల్లాలో ఈ చెట్టు కోసి, అమ్మి, డబ్బు చూసిన రైతును చూపిస్తారా? తిరిగి కొంటామన్న మాటకు రాతపూర్వక హామీ ఎవరిది?

అన్నిటికంటే ముఖ్యం, ఇది ఎవరి సొమ్ము అన్నది. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్‌ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలుగా ఉంది. ఆ సొమ్ము అర్హుడి చేతికి చేరి అతని సొంతం కావాలని హనఫీ పండితులు చెబుతారు. పదేళ్ల తర్వాత వచ్చే పంట కోసం దాన్ని మట్టిలో పెట్టలేం. ఈ జూన్‌లో ఫీజు కట్టాల్సిన పిల్లవాడు పదేళ్లు ఆగలేడు. సాధారణ సదఖాతో తోట వేయడంపై ఆ ఆక్షేపణ లేకున్నా, అది కూడా అమానతే. పందెం కాసే సొమ్ము కాదు.

చెట్టు నాటడం మాత్రం మానొద్దు. నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవారికి సదఖాగా రాయబడుతుందని ప్రవక్త (స) చెప్పారు. ఖబరస్తాన్‌లో, ఈద్గాలో, బడి ఆవరణలో వేప, కానుగ, చింత, నేరేడు నాటుదాం. ఇవి మన ఎండకు తట్టుకునేవి. సువాసన చెట్టే కావాలనుకునే రైతు సోదరులు సొంత ఎర్రనేలలో శ్రీగంధం ఆలోచించవచ్చు. అది పక్క చెట్టు వేరు నుంచి కొంత ఆహారం లాగి బతుకుతుంది కాబట్టి కంది, సరుగుడు వంటివి తోడుగా వేయాలి. చేవ కట్టడానికి పదిహేనేళ్లకు పైనే పడుతుంది, దొంగల భయం ఉంటుంది, కోతకూ రవాణాకూ అటవీ శాఖ అనుమతి కావాలి. ఆ కష్టనష్టాలు సొంతంగా భరించి, లాభం వచ్చిన నాడు అందులోంచి సొసైటీకి ఇవ్వండి, సంతోషంగా తీసుకుంటాం.

శాశ్వత ఆదాయానికి దారి అడిగితే మా సలహా ఇది: ఊళ్లో అద్దె వచ్చే ఒక చిన్న గదిని వక్ఫ్ చేయండి. దాని అద్దె వచ్చే నెల నుంచే ఒక బిడ్డ ఫీజుకు పనికొస్తుంది.